ఏకాదశి నాడు ఇన్సులిన్: వృద్ధుల నివాసంలో మా అమ్మ మూడేళ్లు

గదులు, భోజనం, నెల ఫీజు సంగతి ఒకసారి వెళ్లి చూస్తే గంటలో తెలిసిపోతుంది. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఈ వృద్ధుల నివాసంలో అమ్మ మూడేళ్లుగా ఉంటోంది. నేను రాయదలచింది ఆమె ఏకాదశి ఉపవాసం గురించి మాత్రమే.

అమ్మకు 81 ఏళ్లు. రెండు పూటలా ఇన్సులిన్ పడాలి. పెళ్లయిన నాటి నుంచి ఏకాదశి నాడు అన్నం ముట్టలేదు. ఇక్కడ చేర్చేటప్పుడు నా భయమంతా అదే. "ఈ వయసులో ఉపవాసాలేమిటి" అని ఎవరైనా కసిరితే ఆమె లోలోపలే కుమిలిపోతుంది.

ఆ భయం పోగొట్టింది కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు. దశమి సాయంత్రమే గదికి వచ్చి, "అమ్మమ్మగారూ, రేపు ఏకాదశి కదా, ఏం తీసుకుంటారు, ఎన్ని గంటలకు తీసుకుంటారు?" అని అడిగేది. పాలు, పండ్ల వేళలు డాక్టరుకు చెప్పి, ఆ ఒక్క రోజుకు మోతాదు తగ్గించి రాయించుకునేది. ఇన్సులిన్ పూర్తిగా ఆపనిచ్చేది కాదు. షుగర్ పరీక్షకు సూది గుచ్చిన వేలితో జపం చేయనని అమ్మ పట్టు. ఆ అమ్మాయి కుడి చేతి జోలికే పోకుండా ఎడమ ఉంగరపు వేలి పక్క అంచున గుచ్చి, చుక్క రక్తం తీసేది. "మాకూ ఈస్టర్ ముందు నలభై రోజుల నియమం ఉంటుంది అమ్మమ్మగారూ" అందట. ఈ మాట అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఆ రోజుల్లో ఎవరడిగినా ఈ చోటు గురించి గొప్పగా చెప్పాను. ఆ మెప్పులో చాలా భాగం ఆ ఒక్క అమ్మాయిదేనని రెండో ఏడాది తెలిసింది. ఆమె ఉద్యోగానికి ఐర్లాండ్ వెళ్లిపోయింది. ఆమెకు తెలిసినవన్నీ ఆమెతోనే వెళ్లిపోయాయి. మందుల చార్టులో "ఏకాదశి" అన్న మాటే లేదు.

ముక్కోటి ఏకాదశి వచ్చింది. కొత్త నర్సు పొద్దున ఏడు గంటలకు మామూలు మోతాదు ఇచ్చేసింది. అది ఇచ్చిన అరగంటలో ఏదైనా తినాల్సిన రకం ఇన్సులిన్. నర్సుకు ఉపవాసం సంగతి తెలియదు, తెలిసే ఇచ్చిందని అమ్మ అనుకుంది. తీర్థం తప్ప నోట్లో ఏమీ వేసుకోలేదు. పదిన్నరకు ఆయా వచ్చి చూస్తే అమ్మ కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది, చేతిలో తులసిమాల ఉంది. జపంలో ఉన్నారు, కదిలించకూడదని ఆయా గుమ్మంలోనే ఆగి వెనక్కి వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ గుండెలో గుచ్చుకునేది ఇదే. ఆ పిల్ల నిర్లక్ష్యం చేయలేదు, అమ్మ భక్తిని గౌరవించింది.

కనిపెట్టింది ఎదురు గదిలో ఉండే పెద్దాయన. ఆయనకూ షుగరే, రంజాన్‌లో రోజాలుంటారు. మాలలో పూసలు కదలడం లేదని, ధనుర్మాసపు చలిలో అమ్మ జాకెట్టు వీపంతా తడిసి ఉందని చూసి కేకలు వేశారు. గ్లూకోమీటర్ పెడితే రక్తంలో చక్కెర 48కి పడిపోయి ఉంది. అదృష్టం కొద్దీ మింగగలిగే స్థితిలోనే ఉంది. చక్కెర నీళ్లు తాగించి, పావుగంటకొకసారి చూస్తూ మధ్యాహ్నానికి దారికి తెచ్చారు. డాక్టరు వచ్చి చూశారు. నాకు ఫోన్ చేసింది మాత్రం సాయంత్రం నాలుగు గంటలకు! ఆ ఆలస్యాన్ని నేను క్షమించలేదు.

మర్నాడు ద్వాదశి పారణ వేళకు బెంగళూరు నుంచి చేరుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ అమ్మాయిని ఏమీ అనకురా, నేనే చెప్పాల్సింది" అంది. నర్సును ఏమీ అనలేదు. నిర్వాహకులతో మాత్రం గట్టిగానే మాట్లాడాను. మందుల చార్టులో ఉపవాసానికి ఒక గడి పెట్టించాను. నర్సుల గదిలో ఇప్పుడు పంచాంగం వేలాడుతోంది. ఆ గడి ఎదురు గది పెద్దాయన చార్టులో ఖాళీగా ఉండటం చూసి, అదీ దగ్గరుండి నింపించాను.

అప్పటి నుంచి మళ్లీ పొరపాటు జరగలేదు. అయితే ప్రతి దశమి నాడూ నేను ఫోన్ చేసి గుర్తు చేస్తున్నాను, కాబట్టి అది ఎంతవరకు వాళ్ల ఘనతో చెప్పలేను. అమ్మకు మతి చెక్కుచెదరలేదు, ఏం కావాలో నోరు తెరిచి అడగగలదు, మా అక్క ముప్పావుగంట దూరంలో ఉంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి ఈ ఏడాదికీ అక్కడే ఉంచాను. మతిమరుపు ముదిరిన తల్లినో తండ్రినో చేర్చాలనుకునేవాళ్లకు నా మాట సరిపోదు. చేర్చే ముందు అక్కడ ఉన్న ఎవరిదైనా మందుల చార్టు అడిగి, ఉపవాసం గడిలో ఎవరి చేతిరాత ఉందో చూడండి.