కోత ఆపాలా, విత్తాలా, మొక్కలు నాటాలా? గోల్ఫ్ మైదానంలో స్థానిక పచ్చదనానికి ఏది మేలు?

18 హోల్స్ గోల్ఫ్ మైదానం అంటే మామూలుగా 100 నుంచి 150 ఎకరాలు. బంతిని గుంటలోకి దొర్లించే ఆ నున్నటి గ్రీన్‌లన్నీ కలిపినా సాధారణంగా మూడు నాలుగు ఎకరాలకు మించవు. మొదటి దెబ్బ కొట్టే టీలు, అక్కడినుంచి గ్రీన్ దాకా పొట్టిగా కోసి ఉంచే ఫెయిర్‌వేలు కలిపినా సగం మైదానం కాదు. మిగతాది రఫ్ (ఫెయిర్‌వే పక్కన కాస్త ఎత్తుగా ఉంచే గడ్డి), గట్లు, చెరువు ఒడ్లు, ఒక హోల్‌కీ ఇంకో హోల్‌కీ మధ్య ఊరికే పడి ఉన్న నేల. బంతి ఎప్పుడో గానీ పడని చోట్లకు కూడా చాలా మైదానాల్లో నీళ్లు పెడతారు, ఎరువు చల్లుతారు, వారం వారం గడ్డి కోసే మొవర్ తిప్పుతారు. స్థానిక గడ్డి, పూలు, పురుగులు, పిట్టలు తిరిగి రావాల్సింది ఈ నేలలోకే.

రప్పించడానికి మూడు దారులున్నాయి. కోత ఆపి వదిలేయడం, పాత గడ్డిని తీసేసి స్థానిక విత్తనం చల్లడం, మొక్కలు నాటడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలాకాలం నీళ్లు, ఎరువు తిన్న రఫ్‌కి విత్తడమే మేలు. అంచులకు వదిలేయడం చాలు. అందరికీ ముందు గుర్తొచ్చే చెట్లు నాటడాన్ని మాత్రం నేను చివర పెడతాను.

వదిలేయడంతో మొదలుపెడదాం. పెద్దగా ఖర్చు లేదు. పక్కనే అడవో పొదలో పాత పచ్చికబయలో ఉంటే గాలి, పిట్టలు కలిసి విత్తనాలు తెస్తాయి. పిట్ట వాలడానికి నాలుగు కర్రలు పాతినా వాటి కింద కొత్త మొలకలు కనిపిస్తాయి. ఎప్పుడూ ఎరువు పడని ఇసుక నేలైతే ఈ దారి నిజంగా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో శాండ్‌విచ్ తీరాన ఉన్న రాయల్ సెయింట్ జార్జెస్ మైదానం చుట్టూ అరుదైన లిజర్డ్ ఆర్కిడ్‌లు పూస్తాయి. ఆ దేశంలో అవి బాగా పెరిగే చోట్లలో అదొకటి. అక్కడి ఇసుక దిబ్బల నేల సారం తక్కువ. ఆర్కిడ్‌కి కావలసిందీ అదే.

మామూలు రఫ్ అలాంటిది కాదు. వెచ్చని ప్రాంతాల గోల్ఫ్ గడ్డి చాలావరకు మనకు తెలిసిన గరికే, లేదా గరికనూ దాని ఆఫ్రికా చుట్టాన్నీ కలిపి తయారుచేసిన హైబ్రిడ్. ఒకసారి రఫ్‌లో మోకాళ్ల మీద కూర్చొని ఒక్క తీగ పట్టుకుని లాగి చూడండి. జేనెడు తీగకు నాలుగైదు కణుపులు, చాలా కణుపుల దగ్గర తెల్లటి సన్న వేళ్లు, పక్కనే పైకి లేచిన మొలక. గట్టిగా లాగితే తెగుతుంది. తెగిన ముక్క మట్టిలో ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది. నేల లోపల ఇంకో వరస కాడలు ఉంటాయి. టిఫ్‌వే లాంటి హైబ్రిడ్‌లు విత్తనమే కట్టవు, ఆ కాడలతోనే మైదానమంతా పరుచుకుంటాయి. ఇలాంటి చోట కోత ఆపితే వచ్చేది పూలతోట కాదు, మోకాలెత్తు గరిక, దాని మధ్య ఎరువు మిగులు తిని బలిసిన కలుపు. నేలలో నిద్రపోతున్న స్థానిక విత్తనాలు లేస్తాయని ఆశ పెట్టుకుంటారు. పదుల ఏళ్లు గడ్డి దుప్పటి కింద ఉన్న నేలలో అవి చాలావరకు మిగలవు. రెండేళ్లు వదిలేశాక ‘ప్రకృతి రాలేదు’ అని మళ్లీ మొవర్ తెస్తారు. ఇది చూస్తే నాకు బాధగా ఉంటుంది. తప్పు పద్ధతిది కాదు, చోటు ఎంపికది.

అందుకే అలాంటి చోట విత్తడం. ఇది ఓపిక పని. ముందు స్ప్రింక్లర్ ఆపాలి. తర్వాత ఎండలు ముదిరినప్పుడు దున్ని కాడలు పైకి తెచ్చి ఎండబెట్టాలి. లేదా తడి నేల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, ఆరేడు వారాలు ఉడకనివ్వాలి. గరిక ఒక్కసారికి చావదు. మళ్లీ మొలిస్తే మళ్లీ కొట్టాలి. ఈ దశలో తొందరపడి విత్తనం చల్లితే అంతా వృథా. నేల సారం ఎక్కువగా ఉంటే కోసిన గడ్డిని అక్కడే వదలకుండా ప్రతిసారీ ఎత్తి బయటికి తీసుకెళ్లాలి, అప్పుడు పోషకాలు నెమ్మదిగా తగ్గుతాయి. స్థానిక పూల మొక్కల్లో చాలావాటికి బీద నేలే ఇష్టం. చల్లని దేశాల్లో ఇంకో ఉపాయం కూడా వాడతారు. యెల్లో రాటిల్ అనే చిన్న మొక్క తన వేళ్లను గడ్డి వేళ్లకు తగిలించి వాటి నీరూ పోషకాలూ లాక్కుంటుంది. గడ్డి బలహీనపడ్డ చోట పూల మొక్కలకు సందు దొరుకుతుంది.

విత్తనం విషయంలో మాత్రం జాగ్రత్త. ‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ పేరుతో అమ్మే పొట్లాల్లో తరచూ ఎక్కడివో ఏకవార్షికాలు, అంటే ఒక్క ఏడాదే బతికే మొక్కలు, ఉంటాయి. మొదటి ఏడాది ఫోటోలకు అదిరిపోతాయి, తర్వాత కనిపించవు. చుట్టుపక్కల మిగిలిన పచ్చికబయళ్ల నుంచి అనుమతితో కొద్దికొద్దిగా సేకరించిన విత్తనమే నిలుస్తుంది. అది మొదటి ఏడాది ఏమీ చూపించదు, వేళ్లు దింపుకునే పనిలో ఉంటుంది. పైన కలుపు రాజ్యం. అప్పుడు మొవర్ బ్లేడు ఆరంగుళాల ఎత్తుకు లేపి కలుపు విత్తనం కట్టకముందే కోయాలి, కింది మొక్కలకు వెలుతురు అందాలి.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా అంటే అమెరికాలో నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 గోల్ఫ్ మైదానాన్ని చూడాలి. 2010, 2011లలో అక్కడ 35 ఎకరాలకు పైగా నీళ్లు పెట్టి పెంచిన గడ్డిని ఎత్తేసి, ఇసుక నేలను బయటపెట్టి, ఆ ప్రాంతపు వైర్‌గ్రాస్ అనే గడ్డి నాటారు. 1,000కి పైగా ఉన్న స్ప్రింక్లర్లు 500 లోపుకి దిగాయి. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలు రెండూ అక్కడే వరసగా జరిగాయి. గడ్డి పిలకలను ఒక్కొక్కటిగా నాటారు కాబట్టి అది అచ్చంగా విత్తడం కాదు. అయినా ముందు పాతది తీసేసి, తర్వాత ఆ నేలకు చెందినదే పెట్టారన్న వరస ముఖ్యం.

ఇక చెట్లు. ఒక్కరోజులో అందరూ వచ్చి నాటొచ్చు, లెక్క చెప్పుకోవచ్చు. అక్కడ అసలు ఒకప్పుడు అడవే ఉంటే, వాగు గట్టు కోసుకుపోతుంటే, నాటాల్సిందే. మియావాకి పద్ధతిలో దగ్గర దగ్గరగా నాటితే చిన్న చోట కూడా చిక్కగా ఎదుగుతాయి. కానీ మొదటి రెండు మూడేళ్లు నీళ్లు, కలుపు తీత తప్పవు. ఇంకో చిక్కుంది. ఆ నేల పచ్చికబయలుదైతే చెట్లు నాటడం అంటే అక్కడి జీవుల మీద నీడ కప్పడమే. ప్రపంచంలో దాదాపు 20,000 రకాల తేనెటీగ జాతులున్నాయి, వాటిలో ఎక్కువ ఒంటరిగా నేలలో బొరియ చేసుకునేవే. వాటికి ఎండ పడే బోడి మట్టి కావాలి. బంకర్ (ఇసుక గుంట) వెనక ఎండ తగిలే గట్టు మీద పెన్సిల్ దూరేంత రంధ్రాలు కనిపిస్తే అక్కడ మొక్క నాటకండి, ఆ గట్టుని అలాగే ఉంచండి.

అన్నీ ఒకేసారి చేయలేని వాళ్లు చెరువు ఒడ్డుతో మొదలుపెట్టవచ్చు. ఒడ్డు చుట్టూ నాలుగైదు మీటర్లు కోత ఆపితే తుంగ, రెల్లు లేస్తాయి, నీళ్లలోకి జారే ఎరువు కొంత అక్కడే ఆగుతుంది, తూనీగ పిల్ల పాక్కుంటూ పైకొచ్చి పొట్టు విడవడానికి కాడలు దొరుకుతాయి. వదిలేస్తే చాలు అని నేను అన్నిటికంటే ధైర్యంగా చెప్పే చోటు ఇదే.

బంతి పోతోందని ఆటగాళ్లు గొణుగుతారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది. అందుకే ముందు వారం రోజులు బంతులు ఎక్కడ పడుతున్నాయో చూసి, పడని చోటే ఎంచుకోవాలి. ఎంచుకున్న చోటు చుట్టూ రెండు మీటర్ల పట్టీ నున్నగా కోసి ఉంచితే, లోపలి గడ్డి అశ్రద్ధ వల్ల పెరిగింది కాదని చూడగానే తెలుస్తుంది. ఆ చోట్ల మ్యాప్ ఆఫీసులో ఉంటే సరిపోదు, మొవర్ నడిపే మనిషి చేతిలో ఉండాలి. రెండేళ్లు పెంచిన మొలకలు కొత్త డ్రైవర్ ఒక్క పొద్దున చుట్టు తిప్పితే పోతాయి. నాలుగు మూలలా రంగు వేసిన కర్రలు పాతి, మొదటి రోజు అతన్ని వెంటబెట్టుకుని నడిచి, ఏ మొలక ఏదో చూపించాలి.