తమ్ముడి యాక్సిడెంట్ కేసు: హన్మకొండలో మేము పెట్టుకున్న వకీలు సేవ గురించి

మా తమ్ముడు ఎలక్ట్రీషియన్. 2023 ఫిబ్రవరిలో కరీంనగర్ నుంచి కిరాయి కారులో వస్తుండగా హసన్‌పర్తి దగ్గర ఒక లారీ వెనుక నుంచి గుద్దడంతో అతని కుడి మణికట్టు విరిగి, ప్లేటు వేయవలసి వచ్చింది. చికిత్సకు 1,40,000 రూపాయలు ఖర్చయ్యాయి. లారీ బీమా కంపెనీ తరఫు మనిషి రెండో నెలలోనే ఇంటికి వచ్చి, 2,25,000 ఇప్పిస్తామని, వకీలును పెట్టుకుంటే ఏళ్ల తరబడి తిరగడమే మిగులుతుందని చెప్పాడు. తమ్ముడు సంతకం పెట్టడానికి దాదాపు సిద్ధపడ్డాడు.

ముందుగా కలిసిన వకీలు కాగితాలేవీ చూడకుండానే వకాల్తా మీద సంతకం అడిగి, వచ్చిన డబ్బులో ఐదో వంతు తనకివ్వాలన్నారు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయన్న సంగతి అప్పటికి మాకు తెలియదు. అయినా మనసొప్పక లేచి వచ్చాము.

అదాలత్ సెంటర్ దగ్గర ఆఫీసున్న రెండో వకీలు గారు చెప్పిన మొదటి మాటే నాకు నమ్మకం కలిగించింది. "ఎముక అతికి మునుపటిలా పనికి పోగలిగితే బిల్లులు చూపించి కంపెనీతోనే తేల్చుకోండి, నా ఫీజు మీకు దండుగ" అన్నారు. కట్టు విప్పాక పనిసంచితో రమ్మన్నారు. ఆ రోజు తమ్ముడి చేతికి కటింగ్ ప్లేయర్ ఇచ్చి, బల్ల మీద ఒక రాగి తీగ పెట్టి కత్తిరించమన్నారు. మూడుసార్లు ప్రయత్నించినా బొటనవేలు వణికిందే తప్ప తీగ తెగలేదు. ఆయన ఏమీ మాట్లాడకుండా పెన్సిలుతో కాగితం మీద లెక్క వేయడం మొదలుపెట్టారు.

మెడికల్ బోర్డు తర్వాత ఇచ్చిన ధ్రువపత్రంలో వైకల్యం 20 శాతమే. అయితే శరీర వైకల్యం ఎంత అన్నదే కాక, దానివల్ల ఆ మనిషి వృత్తిలో సంపాదనాశక్తి ఎంత తగ్గిందో చూడాలని రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందని ఆయన వివరించారు. తమ్ముడి నెల ఆదాయం 18,000, వయసు 33 కనుక గుణకం (ఏడాది ఆదాయ నష్టాన్ని ఎన్నిరెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే సంఖ్య) 16. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని కలపకముందే, 20 శాతం నష్టానికి 6,91,200 అవుతుంది. అదే 35 శాతమని నిరూపిస్తే 12,09,600. జీతం చీటీ లేని మనిషి ఆదాయాన్ని చూపడానికి ఫోన్ చెల్లింపుల వివరాలు, వైర్ల దుకాణం బిల్లులు తెప్పించి, పని ఇచ్చే ఇద్దరు కాంట్రాక్టర్ల చేత సాక్ష్యం చెప్పించారు.

ప్లేటు తీయించాక కేసు వేద్దామని మేము అనుకున్నాము. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చెప్పి, ఆయన నాలుగో నెలలోనే వేశారు. ఫీజు మూడు విడతల్లో 30,000. రసీదు మాత్రం అడిగితేనే ఇచ్చారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, వికలాంగులు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందవచ్చని కూడా ఆయనే చెప్పారు.

ఆయన సేవలో నాకు నచ్చనిది ఒకటుంది. వాయిదా మారినా కబురు పంపరు, ఫోన్ ఎత్తరు. నాలుగుసార్లు పని మానుకొని కోర్టుకు వెళ్లి, జూనియర్ చెప్పిన కొత్త తేదీ రాసుకొని వెనుదిరిగాము. చేయి పనిచేయని మనిషికి ఆ దారిఖర్చు కూడా బరువే.

డాక్టరు సాక్ష్యం పూర్తయ్యాక బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో 8,50,000కు ఒప్పుకుంది. అక్కడ రాజీ పడితే అప్పీలు ఉండదని, కేసు నడిపితే ఎక్కువ రావచ్చు గానీ హామీ ఇవ్వలేనని వకీలు గారు రెండుసార్లు చెప్పి, నిర్ణయం తమ్ముడికే వదిలేశారు. పిల్లల చదువులు చూసుకొని అతను ఒప్పుకున్నాడు. ఆ డబ్బుతో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. దెబ్బ తగిలి, ఏం చేయాలో తెలియక వచ్చినవారికి ఆ ఆఫీసు దారి చెబుతూ, వాయిదా ముందురోజు తప్పకుండా వెళ్లి కనుక్కోమని కూడా చెప్పి పంపుతున్నాడు.