టెలీకాస్టర్ మెడలో సెత్ లవర్

జాజ్ వాయించాలంటే పెద్ద బోలు గిటారు కొనాల్సిందేనని చెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నేనుండేది టొరంటోలో. ఈ ఊళ్లోనే ఎడ్ బికర్ట్ అనే పెద్దాయన బోలు లేని గట్టి చెక్కతో చేసిన టెలీకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని దశాబ్దాల పాటు జాజ్ వాయించాడు. 1975లో ఇక్కడి బర్బన్ స్ట్రీట్ క్లబ్బులో పాల్ డెస్మండ్ శాక్సఫోన్ పక్కన ఆయన వేసిన కార్డ్‌ల (ఒకేసారి మోగించే స్వరాల) రికార్డింగు విన్నాక నాకు బోలు గిటారు మీద ఆశ చచ్చిపోయింది. ఆయన తన గిటారులో తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లలో నెక్ (మెడ) వైపున్న సన్నని సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది, తీసేసి రెండు చుట్టలుండే గిబ్సన్ హంబకర్ పెట్టుకున్నాడు. నా టెలీకాస్టర్‌కూ అదే వైద్యం చేయిద్దామనుకున్నాను.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. జాజ్ అంటే మెత్తగా, మందంగా ఉండే శబ్దమనుకుని, ఒక చవక హంబకర్ తెప్పించాను. మల్టీమీటర్ పెడితే 13 కిలో ఓమ్‌లు చూపించింది. తీగ చుట్లు అంత ఎక్కువైతే శబ్దం పెద్దదవుతుంది కానీ పైస్థాయి మెరుపు పోతుంది. ఒక్కొక్క స్వరం పలికించినంతసేపూ బాగానే ఉండేది. కార్డ్ వేస్తే మాత్రం అన్ని కూరలూ కలిపి రుబ్బినట్లు వినిపించేది.

ఆ తర్వాత కొన్నదే ఈ సెత్ లవర్. సెత్ లవర్ అంటే 1955లో గిబ్సన్ కోసం హంబకర్‌కు పేటెంటు దరఖాస్తు చేసిన ఇంజనీరు. ఆయన్నే కూర్చోబెట్టుకుని సీమోర్ డంకన్ సంస్థ ఆ తొలి నమూనాను మళ్లీ తయారుచేసింది. అల్నికో 2 అయస్కాంతం, నికెల్ సిల్వర్ మూత, నెక్ పికప్ నిరోధం 7.2 కిలో ఓమ్‌ల దగ్గర. పన్నుతో కలిపి రెండు వందల కెనడా డాలర్లు దాటింది. అదే సంస్థ దగ్గర పేరులోనే జాజ్ ఉన్న హంబకర్ ఇంకొకటి ఉంది, అల్నికో 5తో. అది ఇంకాస్త చురుగ్గా, తీక్ష్ణంగా పలుకుతుంది. పేరు చూసి దానికి చెయ్యి చాచబోయి ఆగాను.

నేను పికప్‌ను పరీక్షించేది ఒకే కార్డ్‌తో. నాలుగో తీగ రెండో మెట్టు, మూడో తీగ నాలుగో మెట్టు, రెండో తీగ మొదటి మెట్టు. వేళ్లు కాస్త సాగుతాయి. సి షడ్జమమైతే అంతర గాంధారం, కాకలి నిషాదం, పైషడ్జమం ఒకేసారి మోగుతాయి. చిన్నప్పుడు రాజమండ్రిలో మా అమ్మ వయొలిన్ నేర్పేటప్పుడు నిషాదాన్నీ షడ్జమాన్నీ కలిపి మోగిస్తే కమాను లాక్కునేది. జాజ్‌లో ఆ రాపిడే అందం. ఒకటి 247 హెర్ట్జ్, ఇంకొకటి 262. ఆ పదిహేను హెర్ట్జ్‌ల తేడా చెవికి అలలా కొట్టుకుంటూ వినపడాలి. పాత పికప్‌లో అది ఒట్టి గరగర. సెత్ లవర్‌లో రెండు స్వరాలూ పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి భుజంతో నెట్టుకుంటున్నట్లు వినిపిస్తాయి. బికర్ట్ కార్డ్‌లలో నేను ఇష్టపడేది సరిగ్గా ఇదే.

బిగించడం మాత్రం తేలిక కాదు. టెలీకాస్టర్ నెక్ గుంటలో హంబకర్ పట్టదు కాబట్టి చెక్క తొలిపించి, పిక్‌గార్డ్ మార్పించాను. టంకం పని నాదే. టెలీకాస్టర్‌లో వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే నిరోధకం) 250 కిలో ఓమ్‌లది, హంబకర్‌కు అది మొద్దుబారుస్తుంది. 500 వేస్తే హంబకర్ విచ్చుకుంది, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరున్న రెండో పికప్ కీచుమంది. అప్పుడు స్విచ్ దగ్గర బ్రిడ్జి వైరు నుంచి గ్రౌండ్‌కు 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అతికించాను. రెండూ కలిసి బ్రిడ్జి పికప్‌కు 242 కిలో ఓమ్‌లుగా కనిపిస్తాయి. ఐదు పైసల సరుకు, అరగంట పని.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. స్విచ్ మధ్యలో పెడితే రెండు పికప్‌లూ కలిసి ముక్కుతో మాట్లాడుతున్నట్లు పలచబడ్డాయి. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోందన్నమాట. సెత్ లవర్‌కు పాతకాలపు అల్లిక వైరు ఉంటుంది. పైన ఉన్న అల్లికే గ్రౌండ్, దాన్ని తిప్పలేం. కాబట్టి బ్రిడ్జి పికప్ వైర్లు తారుమారు చేయాలి. ఊరికే మార్చేస్తే కుదరదు, దాని అడుగున ఉన్న లోహపు పలకను కాయిల్‌కు కలిపే బుల్లి తీగ తెంపి, పలకకు వేరే గ్రౌండ్ వైరు ఇవ్వాలి. ఒక ఆదివారం దానికే పోయింది.

ఎత్తు సరిచేయడం మీద ఇంకా ఎక్కువ సమయం పెట్టాను, దాని ఫలితం కూడా ఎక్కువే. చివరి మెట్టు నొక్కిపెట్టి చూస్తే పికప్‌కూ లావు తీగకూ మధ్య మూడు మిల్లీమీటర్లకు పైగా దూరం ఉంచాను. సన్న తీగల వైపు కాస్త దగ్గర. ఆ తర్వాత రెండో తీగ కింది స్క్రూ అర చుట్టు పైకి తిప్పాక రాగం కార్డ్ మీద తేలింది.

అయితే ఒక మాట. పికప్ కంటే ముందు నేను తీగలు మార్చాను. 11-50 మందం ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉండేవి), మూడో తీగ కూడా చుట్టుడు తీగే. సగం జాజ్ అక్కడే వచ్చేసింది. పాత సింగిల్ కాయిల్ మీదే టోన్ నాబ్ కాస్త తగ్గించి నెల రోజులు వాయించాను, దానితోనే తృప్తి పడేవాళ్లూ ఉంటారు. పరీక్షకని మా అమ్మాయికి రెండు రికార్డింగులు వినిపించాను. "నాన్నా, మొదటిదాంట్లో పాట వినిపిస్తోంది, రెండోదాంట్లో గిటారు వినిపిస్తోంది" అంది. మొదటిది సెత్ లవర్. రెండో మాట పొగడ్తో తిట్టో ఇంకా తేలలేదు.

ఈ పికప్‌ను, లోపలి తీగలు కదలకుండా, మైనంలో ముంచరు. అందుకే మూత మీద గోటితో తడితే స్పీకర్‌లో టకటక వినపడుతుంది, డిస్టార్షన్ పెంచితే కూతపెడుతుంది. మా అబ్బాయి మెటల్ సంగీతం వాయించబోయి రెండు నిమిషాల్లో గిటారు తిరిగి ఇచ్చేశాడు. ఆ రకంగా అది పూర్తిగా నాదైపోయింది.