స్విచ్ ఉన్న ల్యాండ్‌లైన్: తెనాలి ఇంట్లో నాలుగేళ్ళ వాడకం

మా అమ్మ రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ కట్టేస్తుంది. టీవీ, మిక్సీ, గీజరు, ఏదీ వదలదు. 2021 దసరాకి తెనాలి ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ బదులు ఫైబర్ ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ పెట్టించి నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ వారమంతా పొద్దున ఆరున్నరకి ఫోన్ చేస్తే కలిసేది కాదు, ఎనిమిదింటికి చేస్తే మోగేది. కేబుల్ కుర్రాణ్ణి రెండుసార్లు పంపించాను. అతను వెళ్ళేసరికి అంతా బాగానే ఉండేది. తీరా చూస్తే అమ్మ రోజూ రాత్రి ఫోన్ తగిలించిన తెల్ల డబ్బా స్విచ్ కూడా కట్టేసి, పొద్దున పూజయ్యాక వేస్తోంది.

"ఫోనుకి కరెంటెందుకురా? ముప్పై ఏళ్ళుగా అక్కర్లేని కరెంటు ఇప్పుడెందుకు కావలసొచ్చింది?" అంది.

న్యాయమైన ప్రశ్నే. పాత ఫోన్‌కీ కరెంటు కావాలి, కాకపోతే అది మన మీటర్లోంచి వెళ్ళేది కాదు. ఎక్స్ఛేంజిలో వరసగా పేర్చిన పెద్ద బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ ఆ రెండు రాగి తీగల మీదే ఇంటిదాకా వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది అందుకే. గంట మోగేటప్పుడు వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. చిన్నప్పుడు తెగిన తీగ నేనే అతుకుదామని కూర్చుంటే సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేశారు. ఆ ఝల్లు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు గోడదాకా వచ్చేది వెంట్రుకంత గాజు పోగు. అందులో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. మన మాటను డేటాగా మార్చి పంపే పని ఆ తెల్ల డబ్బాది. దాన్ని ఓఎన్‌టీ అంటారు, మా కేబుల్ కుర్రాడు మాత్రం మోడెం అనే అంటాడు. అది 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది. డబ్బా ఆగితే ఫోన్ లేనట్టే.

స్విచ్ మీద ఇన్సులేషన్ టేప్ అంటించాను. మొదటి సమస్య అలా తీరింది.

డబ్బా వెనక ఇంటర్నెట్ పోర్టుల పక్కనే చిన్న ఫోన్ పోర్టు ఉంటుంది. పాత ఫోన్ పిన్ను అందులో గుచ్చితే చాలు, కొత్త ఫోన్ కొనక్కర్లేదన్నారు. మాకు అది సగమే నిజమైంది. మాది నాన్న 1991లో కనెక్షన్ తీసుకున్నప్పటి నల్ల డయల్ ఫోన్. దానికి కాల్స్ వస్తాయి, మాట్లాడొచ్చు, మనం చేద్దామంటే మాత్రం కుదరదు. డయల్‌లో 5 తిప్పి వదిలితే లైను ఐదుసార్లు తెగి కలుస్తుంది, ఎక్స్ఛేంజి ఆ తెగడాల్ని లెక్కపెట్టుకునేది. మా డబ్బాకి ఆ లెక్క రాదు, బటన్ నొక్కితే వచ్చే టోన్లే తెలుసు. అందుకని ఒక కార్డ్‌లెస్ సెట్ కూడా కొన్నాను. దానికున్న చిన్న తెరలో ఎవరు చేస్తున్నారో నంబర్ కనిపిస్తుంది. పేరు చూడకుండా ఫోనెత్తే అలవాటున్న అమ్మకి అది పెద్దగా పట్టలేదు.

గొంతు విషయంలో మాత్రం కొత్తదానికే నా ఓటు. పాత లైనులో వానాకాలం వచ్చిందంటే గరగర, పక్కవాళ్ళ మాటలు లీలగా వినిపించడం. ఇప్పుడు రేపల్లె నుంచి మేనత్త మాట్లాడితే పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. మరీ నిశ్శబ్దంగా ఉండటంతో మొదట్లో అమ్మ "ఉన్నావా? ఉన్నావా?" అని మధ్యమధ్యలో అడిగేది. మాటకీ మాటకీ మధ్య లిప్తపాటు ఆలస్యం ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే ఇల్లైతే అది తెలుస్తుంది. మాది అలాంటి ఇల్లే. ఇంట్లో పిల్లలు వీడియోలు చూస్తున్నా ఫోన్ మాట తెగిన గుర్తు లేదు.

ఖర్చు సంగతి: 499 రూపాయల ఇంటర్నెట్ ప్లాన్, 18 శాతం జీఎస్టీతో 589. దేశంలో ఎక్కడికైనా కాల్స్ అందులోనే. విదేశాలకి వేరే చార్జి. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఎలాగూ వాట్సాప్‌లోనే మాట్లాడతాడు కాబట్టి ఆ రేట్లు నేను చూడనే లేదు.

నేను తప్పు చేసింది నంబర్ దగ్గర. మన దేశంలో సెల్ నంబర్ లాగా ల్యాండ్‌లైన్ నంబర్‌ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పట్టుకుపోవడం కుదరదు. మా వీధిలోకి ముందు ఏ ఫైబర్ వస్తే అది తీసుకున్నాను. ఎస్టీడీ కోడ్ 08644 అదే, తర్వాతి ఆరు అంకెలూ మారిపోయాయి. ఆ పాత ఆరంకెలు మా ఇద్దరి పెళ్ళి శుభలేఖల మీద ఉన్నాయి, గ్యాస్ బుకింగ్‌లో ఉన్నాయి, కిరాణా కొట్టు గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. మూడు నెలలు రెండు లైన్లూ ఉంచి, పాతదానికి చేసిన ప్రతివాళ్ళకీ కొత్త నంబర్ చెప్పమన్నాను. అమ్మ శ్రద్ధగానే చెప్పింది. అయినా ఏడాదికోసారి సంక్రాంతికి మాత్రమే ఫోన్ చేసే చుట్టాలుంటారు కదా, వాళ్ళు జారిపోయారు. "నంబర్ తీసేశారేంటి, మాతో మాట్లాడటం ఇష్టం లేదా" అని ఒక పెదనాన్నగారు పెళ్ళిలో అందరి ముందూ నిలదీశారు. మీ పాత కంపెనీ ఫైబరే మీ వీధికి వస్తుంటే, అదే నంబర్ ఉంచుతారా అని ముందు అడగండి. నెల రోజులు ఆగాల్సొచ్చినా ఆగండి.

అదే ఏడాది ఇంకో మార్పు కూడా వచ్చి అమ్మని తికమక పెట్టింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి. దానికీ ఫైబర్‌కీ సంబంధం లేదు, కానీ అమ్మ లెక్కలో అదీ కొత్త ఫోన్ నేరమే. ఆవిడ డైరీలో నంబర్లన్నిటి ముందూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి పెట్టాను.

ఇక తెగిపోవడం. మా వైపు ఫైబర్ భూమిలో వేయలేదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతుంది. కోతల రోజుల్లో వరిగడ్డి ఎత్తుగా వేసుకున్న ట్రాక్టర్ వీధిలోకి వచ్చిందంటే తీగ పట్టుకుపోతుంది. నాలుగేళ్ళలో మూడుసార్లు అలా తెగింది. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగితే గాజు పోగులో వెలుగు రావడం లేదని అర్థం, ఇంట్లో మనం చేయగలిగింది ఏమీ లేదు. రాగి తీగైతే లైన్‌మన్ మెలిపెట్టి టేప్ చుట్టి పోయేవాడు. దీనికి చిన్న మిషన్‌తో గాజుని కరిగించి అతకాలి. ఆ మిషన్ ఉన్న మనిషి వచ్చేదాకా ఆగాలి. ఒకసారి పూట, ఒకసారి రెండు రోజులు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు ముందురోజు రాత్రే కరెంటు పోయింది. అప్పటికి పన్నెండు వందలు పెట్టి ఒక మినీ యూపీఎస్ కొనుంచాను, అరచేయంత ఉంటుంది, డబ్బాకీ అడాప్టర్‌కీ మధ్య పెడితే సరిపోతుంది. నాలుగు గంటలు నిలబెట్టింది. ఆ తర్వాత డబ్బా ఆగింది. తెల్లారి ఎదురింటివాళ్ళు జనరేటర్ వేసి మాకూ ఒక వైరు ఇస్తే ఎర్ర లైటు వెలిగింది, వేపకొమ్మ విరిగి తీగ మీద పడిందట. ఆ రెండు రోజులూ నాకు అమ్మ గొంతు వినిపించింది పక్కింటి పిన్నిగారి సెల్‌లోనే. పాత లైను ఉంటే ఆ రాత్రి కనీసం కరెంటు కోసం ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు. అందుకే పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. అమ్మకి ఒక బటన్ల సెల్ కొనిచ్చాను, చార్జింగ్ పెట్టడం మర్చిపోతుందనుకోండి, అది వేరే గొడవ.

ఇంకో చికాకు ఏమిటంటే, ఇంటర్నెట్ బాగానే ఉండి ఫోన్ ఒక్కటే మూగబోవడం. డబ్బా మీద ఫోన్ బొమ్మ లైటు ఆరిపోయి ఉంటుంది. ఆపి రెండు నిమిషాలాగి వేస్తే చాలాసార్లు వస్తుంది. రానప్పుడు ఫిర్యాదు చేస్తే కంపెనీవాళ్ళు "ఓటీపీ చెప్పండి" అంటారు. ఆ ఓటీపీ వచ్చేది హైదరాబాద్‌లో ఉన్న నా సెల్‌కి. అమ్మ పేరున నా నంబర్ ఇచ్చినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

డయల్ ఫోన్‌ని అమ్మ తీయనివ్వలేదు. ఫోన్ చేయాలంటే కార్డ్‌లెస్, ఎవరైనా చేస్తే ఎత్తేది మాత్రం నల్ల ఫోనే. గంట మునుపటంత గట్టిగా మోగడం లేదు, డబ్బా ఇచ్చే కరెంటు దానికి చాలడం లేదు. యూపీఎస్ కూడా ఇప్పుడు గంటన్నరకే చేతులెత్తేస్తోంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మార్చాలి.