12 టోట్ల పికింగ్ కార్ట్: నడక తగ్గుతుంది, లేబుళ్లు మాత్రం మార్చుకోవాలి

గోదాములో ఒక్కో ఆర్డర్‌కూ ఒక్కో రౌండ్ తిరిగితే పికర్ (ర్యాకుల నుంచి ఆర్డర్ల సరుకు ఏరి తెచ్చే మనిషి) సమయంలో పెద్ద భాగం నడకకే పోతుంది. ఒకే రౌండ్‌లో 12 ఆర్డర్లు తీసుకొచ్చేందుకు చేసిన కార్ట్ ఇది. మూడు అరలు, అరకు నాలుగు టోట్లు (సరుకు వేసే డబ్బాలు). టోటు కొలత 400 × 300 × 220 మి.మీ., లోపల సుమారు 20 లీటర్లు పడతాయి. టోటుకు ఒకే ఆర్డర్.

బండి తయారీకి వంక పెట్టలేం. 125 మి.మీ. చక్రాల్లో తిరిగేవి రెండూ హ్యాండిల్ వైపు, తిరగనివి ముందువైపు ఉన్నాయి కాబట్టి బరువు మీద కూడా తిన్నగా పోతుంది. అరల మధ్య 40 సెం.మీ. దూరం ఉంది, చెయ్యి ఇబ్బంది లేకుండా దూరుతుంది. అయితే బండి వెడల్పు 45 సెం.మీ. మాత్రమే. ఇరుకు సందులకు అది లాభమే కానీ పై అరలో బరువు పెడితే మలుపులో ఒరుగుతుంది. పెద్ద ఆర్డర్లను గోదాము సాఫ్ట్‌వేరే కింది స్లాట్లకు (టోటు కూర్చునే చోట్లకు) కేటాయించేలా సెట్ చేయాలి.

అసలు లోపం లేబుళ్లలో ఉంది. స్లాట్ బార్‌కోడ్‌ను అర అంచుకు అతికించారు. హడావిడిలో అది పై టోటుదో కింది టోటుదో తెలియదు. పైగా బరువైన టోటును మధ్యలో కింది అరకు మారిస్తే అర మీది లేబుల్ అబద్ధం చెబుతుంది, స్కానర్ మాత్రం సరే అంటుంది. అందుకే బార్‌కోడ్ టోటుకే ఉండాలి. ముందువైపు, వస్తువులు కప్పేయని చోట అతికించాలి. ఒక వస్తువు పక్క టోటులో పడితే చెడేది ఒక్క ఆర్డర్ కాదు: ఒకదానిలో తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ.

ర్యాక్ దగ్గర పని ఇలా సాగాలి. ముందు లొకేషన్ (ర్యాక్‌లో వస్తువు ఉన్న చోటు), తర్వాత ఐటమ్ స్కాన్ చేయాలి. స్క్రీన్ మీద 3వ టోటుకు 2, 7కు 1, 10కి 1 అని వస్తే మొత్తం నాలుగూ ఒకేసారి తీసి, పెట్టిన ప్రతిచోటా టోటును స్కాన్ చేయాలి. చివరికి చెయ్యి ఖాళీ కావాలి. ఒకటి మిగిలినా, చాలకపోయినా తప్పు ర్యాక్ నుంచి తీసిన లెక్కలోనో ఈ మూడు టోట్లలోనో ఉంటుంది, అక్కడే దొరుకుతుంది. ఈ స్కాన్‌ను దాటేసి ముందుకు పోయే సౌకర్యం సెట్టింగుల్లో ఉంటే తీసేయాలి. అక్కడ ఆదా అయ్యే రెండు క్షణాలకు ప్యాకింగ్ టేబుల్ దగ్గర టోటు మొత్తం విప్పి లెక్కపెట్టాల్సి వస్తుంది.

ఆర్డర్ల ఎంపిక మీదే మిగతా ఫలితం ఆధారపడుతుంది. 12లో ఒక్క ఆర్డర్‌కు గోదాము చివర ఒక వస్తువు ఉన్నా బండి అంత దూరం పోవాల్సిందే. లొకేషన్లు దగ్గరగా ఉన్న ఆర్డర్లనే ఒక బండికి ఇవ్వాలి. బరువైన సరుకు ర్యాకులు రూటు మొదట్లో ఉంటే టోటు అడుగున అవే పడతాయి, పెళుసువి నలగవు. ఒకే వస్తువున్న ఆర్డర్లకు ఈ బండి వద్దు. వాటన్నింటినీ కలిపి ఒక పెద్ద టోటులో తెచ్చి, ప్యాకింగ్ దగ్గర ఒక్కో వస్తువు స్కాన్ చేస్తూ బిల్లు తీయడమే వేగం.

టోటును ముప్పాతిక వంతుకు మించి నింపకూడదు, పెట్టెల మధ్య ఖాళీలు లెక్కకు అందవు. 11 ఆర్డర్లే ఎక్కించి 12వ టోటును ఖాళీగా ఉంచితే, నిండిపోయిన ఆర్డర్‌ను అందులోకి కొనసాగించవచ్చు. అప్పుడు ఆ రెండో టోటును కూడా అదే ఆర్డర్‌కు స్కాన్ చేసి కలపాలి, లేకపోతే ప్యాకింగ్‌లో సగం సరుకే వెళ్లిపోతుంది.