గోకుల్ చాట్, కోఠి: రుచికి ఐదు స్టార్లు, భద్రత గురించి కొంచెం

కోఠిలో చాట్ ఎక్కడ బాగుంటుందని ఎవరడిగినా గోకుల్ పేరే చెబుతాను. ఉమెన్స్ కాలేజీలో చదివే రోజుల నుంచీ అలవాటు. సమోసా మీద రగడా వేడివేడిగా పడి, పైన చింతపండు చట్నీ పులుపూ తీపీ సమంగా కలిస్తే ఇంకేం కావాలి? పానీపూరీ నీళ్లు ఘాటుగా ఉంటాయి, పిల్లలుంటే కారం తగ్గించమని ముందే చెప్పండి. కుల్ఫీ మాత్రం వదలొద్దు. సాయంత్రమైతే విపరీతమైన రద్దీ.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం, సరిగ్గా ఆ రద్దీలోనే బాంబు పెట్టారు. లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా కలిపి 42 మంది పోయారు. వాళ్లెవరో పెట్టినవాడికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఎవరు చనిపోయినా సరే, ఊరంతా భయపడాలి, అంతే కావాలి వాడికి. ఆ తర్వాత కూడా షాపు తెరిచారు, జనం వస్తున్నారు. అందుకే నాకు ఇక్కడ తినడమంటే అంత ఇష్టం.

ఇక ప్రభుత్వం సంగతి. ఆ ఏడాదే ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి ఆక్టోపస్ అనే ప్రత్యేక పోలీసు దళం ఏర్పాటైంది. ముంబై దాడుల తర్వాత, 2008 చివర్లో, ఉగ్రవాద కేసులు దర్యాప్తు చేసే జాతీయ సంస్థ ఎన్ఐఏ కోసం చట్టం వచ్చింది. 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లయ్యాక జనం గుమిగూడే షాపుల్లో సీసీ కెమెరాలు ఉండాలని చట్టం చేశారు. మంచిదే. కానీ గోకుల్ చాట్ కేసులో తీర్పు 2018 సెప్టెంబరులో గానీ రాలేదు. ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లల్లో పదకొండేళ్లు ఎలా గడిచి ఉంటాయి?

ఇంకో మాట. 2007 మే నెలలో మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం కుర్రాళ్లలో ఎంతోమంది తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. తప్పుడు మనిషిని లోపలేస్తే అసలువాడు హాయిగా తిరుగుతాడు, పైగా ఒక బస్తీ మొత్తం పోలీసులతో మాట్లాడటం మానేస్తుంది. రేపు అనుమానమొచ్చిన విషయం ఎవరైనా స్టేషన్‌కొచ్చి చెప్పాలంటే ఆ నమ్మకమే కావాలి కదా! నన్నడిగితే కెమెరాల కంటే ముందు దాని మీద ఖర్చు పెట్టాలి.

వెళ్లేవాళ్లకు: మీ సంచి కింద పెట్టి కుల్ఫీ కోసం అటు వెళ్లిపోకండి. ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే ముట్టుకోకుండా కౌంటర్లో చెప్పి, 112కి ఫోన్ చేయండి. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. కాస్త తీరిగ్గా తినాలంటే సాయంత్రం రద్దీ మొదలవకముందే వెళ్లండి.