రివర్బ్: ట్రాక్‌కొకటా, అన్నిటికీ కలిపి ఒకటా?

ఇంట్లో పాటలు మిక్స్ చేసుకునేవాళ్లు చెప్పుకునే బాధలు ముఖ్యంగా రెండు. పాటంతా ముద్దగా ఉంది, మాటలు తెలియడం లేదన్నది ఒకటి. ప్లే నొక్కితే చాలు లాప్‌టాప్ ఫ్యాన్ రొద పెడుతుంది, సౌండ్ తెగుతూ చిటపటమంటుందన్నది రెండోది. మొదటిదానికి కొత్త ఈక్యూ (శబ్దంలోని ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించేది), రెండోదానికి కొత్త ర్యామ్ వెతుకుతుంటారు. చాలా సెషన్లలో రెండింటికీ మూలం ఒకటే: ఏ ట్రాక్ తెరిచినా దాని మీదో రివర్బ్, అంటే గదిలోనో హాల్లోనో పాడినట్టు వినిపించే ప్రతిధ్వని ఎఫెక్ట్.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓ లలిత గీతం సెషన్ అనుకోండి. ప్రధాన గాత్రం, రెండు కోరస్‌లు, వయొలిన్, ఫ్లూట్, తబలా, కీబోర్డ్ ప్యాడ్ (వెనకాల సాగుతూ ఉండే స్వరాలు). ఏడు ట్రాకులకీ ఏడు ఇన్సర్ట్ రివర్బ్‌లు, అంటే ట్రాక్ మీదే నేరుగా పెట్టినవి. ఒక్కోదాన్నీ సోలోలో, అంటే ఆ ఒక్క ట్రాకే వింటూ పెట్టినవే కాబట్టి విడివిడిగా అన్నీ బాగానే ఉంటాయి. సోలో తీసేసి కలిపి వింటే ఏడు తోకలూ (శబ్దం ఆగాక మిగిలే రివర్బ్ మోత) 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఒకదాని మీద ఒకటి పడతాయి. ముద్ద పుట్టేది అక్కడే. ప్రాసెసర్ కూడా ఆ ఏడింటినీ విడిగా లెక్కగట్టాలి. రీపర్‌లోని రియావెర్బ్ లాంటి కన్వల్యూషన్ రకమైతే (నిజమైన గది ప్రతిధ్వని రికార్డింగ్‌తో లెక్కగట్టేది) ఆ భారం ఇంకా ఎక్కువ. పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిస్తే ఏ ట్రాక్ ఎంత తింటోందో వరసగా కనిపిస్తుంది.

సెండ్ పద్ధతిలో రివర్బ్‌కే ఒక ట్రాక్ కేటాయిస్తాం. మిగతా ట్రాకులన్నీ కావలసినంత మోతాదులో దానికి పంపుతాయి. ఎన్ని ట్రాకులు పంపినా రివర్బ్ లెక్క ఒక్కసారే. రీపర్‌లోని మరో రివర్బ్ రియావెర్బేట్‌లో, రివర్బ్ కలవని అసలు శబ్దాన్ని వదిలే డ్రై స్లైడర్‌ని పూర్తిగా కిందికి దించడం మాత్రం మరవకూడదు. లేదంటే సెండ్ పెంచినప్పుడల్లా తోకతోపాటు అసలు గొంతూ పెరుగుతుంది, ఎక్కడ పెరిగిందో తెలీక తల పట్టుకోవాలి. సెండ్ పోస్ట్-ఫేడర్‌గానే, అంటే ట్రాక్ వాల్యూమ్ ఫేడర్ దాటాక పంపేలా ఉండాలి. అప్పుడు గాత్రం తగ్గిస్తే దాని తోకా తగ్గుతుంది.

సీపీయూ కలిసిరావడం సరే, నా దృష్టిలో అసలు లాభం మాటల స్పష్టత. రివర్బ్ ముందు ఒక్క ఈక్యూ పెట్టి 600 హెర్ట్జ్ కిందా, 10 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియో పద్ధతిగా పేరుపడ్డది ఇదే. ఏడు చోట్ల చేయాల్సిన పని ఒక్కచోట అయిపోతుంది. తర్వాత ప్రీ-డిలే, అంటే అసలు శబ్దానికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య వ్యవధి; రియావెర్బేట్‌లో దాని పేరు ఇనిషియల్ డిలే. గాయని ‘వెన్నెల’ అన్న చోట లూప్ పెట్టి, దాన్ని సున్నా నుంచి 35 మిల్లీసెకన్లకి జరిపి చూడండి. సున్నా దగ్గర ‘న్న’ తోకలో నానిపోతుంది. 35 దగ్గర ఒత్తు విడిగా పలుకుతుంది, తోక దాని వెనక వస్తుంది. ఒత్తులు మింగేసిన తెలుగు పాట ఎంత బాగా పాడినా దండగే. స, శ లు బుస్సుమంటుంటే రివర్బ్ ట్రాక్‌లోనే, రివర్బ్‌కి ముందు, ఆ బుసను తగ్గించే డీ-ఎస్సర్ ఒకటి. అసలు గాత్రాన్ని ముట్టుకోనక్కర్లేదు.

సెండ్‌కీ ఓ లోపముంది. అన్నిటినీ ఒకే రివర్బ్‌కి ఒకే మోతాదులో పంపితే అందరూ ఒకే వరసలో నిలబడ్డట్టు వినిపిస్తుంది, ముందూ వెనకా ఉండదు. అందుకే రెండు పెట్టుకుంటాను: తబలాకి తోక సెకను లోపు ఉండే రూమ్, గాత్రానికీ వయొలిన్‌కీ రెండు సెకన్ల ప్లేట్ (లోహపు రేకు మోతను అనుకరించే రివర్బ్). కోరస్‌ని ప్లేట్‌కి ఎక్కువ పంపితే అదే వెనక్కి జరుగుతుంది. తబలా జంటలో లోతుగా మోగే డగ్గాకి విడి మైకు ఉంటే దాన్ని అసలు పంపను.

మరి ఇన్సర్ట్ ఎప్పుడు? రివర్బే ఆ వాయిద్యం స్వరూపమైనప్పుడు. ప్యాడ్‌కి దాని సొంత రివర్బ్ తీసేస్తే ప్రాణం పోతుంది. చరణం చివర ఒక్క మాటే లోయలో పలికినట్టు ఉండాలన్నా, రివర్బ్ మీద డిస్టార్షన్ వేయాలన్నా ఇన్సర్టే సులువు. పాటకి ఒకటో రెండో చాలు.

ఏడు ఇన్సర్ట్‌లూ ఉంచేసి ట్రాకులు ఫ్రీజ్ చేస్తే (ఎఫెక్ట్‌లతో సహా ఆడియోగా మార్చేస్తే) సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఫ్యాన్ రొద ఆగుతుంది, ముద్ద మాత్రం అలాగే ఉంటుంది. పైగా రివర్బ్ కాస్త తగ్గించాలన్నా అన్‌ఫ్రీజ్ చేయాలి. ఫ్రీజ్‌ని ఆ ప్యాడ్ లాంటి, ఇక మార్చనక్కర్లేని ట్రాకులకి దాచుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కగట్టే శబ్దపు ముక్క) పెంచడం సంగతీ అంతే, చిటపటలు పోతాయే గానీ మిక్స్ మారదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, 1024 అంటే 21. మిక్స్ వేళ హెడ్‌ఫోన్‌లో తన గొంతు వింటూ పాడేవాళ్లెవరూ ఉండరు కాబట్టి 1024 పెట్టుకోవచ్చు. మధ్యలో ఒక లైన్ మళ్లీ పాడించాల్సి వస్తే ప్యాడ్‌ని ఫ్రీజ్ చేసి, బఫర్ 128కి దించి రికార్డు చేయండి.